సీసా వెనక చీటీ

తొలకరి పడిన మర్నాడు మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. ఏడో బ్లాకు లాబీలో, నిగనిగలాడే రాతి నేల మీద ఒక రోకలిబండ పురుగు పాక్కుంటూ పోతోంది. వేలెడంత కూడా లేదు. ఎర్రటి ఒళ్లు, ఒకదాని వెనక ఒకటి కదిలే బోలెడు కాళ్లు, దాని దారిన అది పోతోంది. ఆ ఫోటో కింద మనుషులు రాసిన రాతలు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాముపిల్లా అని ఒకాయన. కుడితే ఎంతసేపట్లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి అని ఒకావిడ. పిల్లల్ని ఎవరూ కిందికి పంపవద్దని ఒక హెచ్చరిక. సాయంత్రానికల్లా మందు కొట్టేవాళ్లను పిలిపించాలని తీర్మానం కూడా అయిపోయింది. వీళ్లందరూ పెద్ద చదువులు చదివి, అద్దాల మేడల్లో కూర్చుని, లోకాన్నంతా తామే నడిపిస్తున్నామనుకునే మనుషులు. కుళ్లిన ఆకులు తిని బతికేది, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని పడుకునేది, అలాంటి పురుగును చూసి తలుపులు బిడాయించుకున్నారు. తెల్లాపూర్‌లో మేమున్న ఈ చోట మొన్నమొన్నటి దాకా జొన్నచేలు ఉండేవి, దాని ఇంట్లోకి మనమే దూరాం, కాస్త సర్దుకుందాం అని నేను రాశాను. జవాబుగా ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టారు.

ఆ గోల సాగుతుండగానే యాదగిరి ఫోన్ చేశాడు. నేను చదువుకున్న కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబుకు అతను అటెండరు. మా నాయిన రిటైరవడానికి ముందు అతనికి పని నేర్పాడు. "అక్కా, మన మ్యూజియం ఎత్తేస్తున్నరు. జువాలజీ గ్రూపే తీసేసిన్రు, పిల్లలు వస్తలేరట. ఆ రూముల కంప్యూటర్లు పెడ్తరట. సీసాలన్నీ రేపు లారీల ఏసుకపోతరు. అన్నీ నర్సయ్య సారు చేతి సీసాలక్కా. జర వచ్చి చూసిపో" అన్నాడు. నర్సయ్య మా నాయిన. ఆయన పని చేసినన్నాళ్లూ ఆ కాలేజీలో ఆయన్ని సారు అన్నవాడు లేడు. నర్సయ్యా అనేవాళ్లు, లేదంటే పురుగుల నర్సయ్య అనేవాళ్లు.

వెళ్లాను. గదిలో అడుగుపెట్టగానే ఫార్మలిన్ వాసన ముక్కులోంచి నెత్తికెక్కింది. యాదగిరి దస్తీ ముక్కుకు కట్టుకున్నాడు. నాకు మాత్రం కళ్లు మండుతున్నా ఆ వాసన ఇంకాస్త పీల్చాలనిపించింది, ఎందుకంటే అది మా నాయిన వాసన. అల్మరాల నిండా సీసాలు. సముద్ర దోసకాయ ఉంది. ఎవరైనా పట్టుకోబోతే భయపడి తన పేగులు తానే కక్కి, వాటిని శత్రువు ముందు పడేసి తప్పించుకుపోయి, ఆ తర్వాత తీరిగ్గా కొత్త పేగులు పెంచుకునే జీవి అది. బద్దెపురుగు ఉంది. దానికి నోరూ లేదు, కడుపూ లేదు, ఇంకొకరి పేగుల్లో పడుకుని ఒంటితోనే తిండి పీల్చుకుంటుంది. వీపు నిండా తెల్లటి పిల్లల్ని మోస్తున్న మండ్రగబ్బ ఉంది. మింగుడు పడనప్పుడు కనుగుడ్లను లోపలికి దించి, వాటితోనే తిండిని గొంతులోకి తోసే కప్ప ఉంది. అందరూ ఒకే పాలిపోయిన పసుపు రంగులో, ఏళ్ల తరబడి ఆ నీళ్లలో కూర్చుని ఉన్నారు. కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, "ఇవన్నీ ఇప్పుడు త్రీడీలో ఫోన్లోనే వస్తున్నాయి కదా మేడం, ఈ కంపు ఎవరు భరిస్తారు" అన్నాడు. ఆయన్ని పురుగును చూసినట్టు చూశాను. తర్వాత, అనవసరంగా పురుగుల్ని కించపరిచానే అని బాధపడ్డాను.

ప్రతి సీసాకూ రెండు చీటీలుంటాయి. ముందువైపు చీటీ మీద లెక్చరర్లు ఇంగ్లీషులో రాసిన శాస్త్రీయ నామం. వెనకవైపు చీటీ మా నాయినది. ఆయన నాలుగో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషు రాదు, తెలుగు గుండ్రంగా రాసేవాడు. ఆ జీవి ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎలా ఉండింది, అన్నీ తనకు తోచినట్టు రాసి, అన్నం మెతుకులు మెదిపి అంటించేవాడు. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. "మండ్రగబ్బ. పుప్పాలగూడ గుట్ట మీద. పెద్దవాన మర్నాడు. పిల్లలు ఇరవైకి ఎక్కువనే, లెక్కవెడుతుంటే కొన్ని ఉరికినయి." "జలగ. మల్లయ్య బర్రె కాలికెళ్లి తీసింది. బర్రె మంచిగనే ఉంది." అల్మరాలో వెనక్కి తిరిగి ఉండే చీటీలను లెక్చరర్లు చదవలేదు, పిల్లలు చదవలేదు. నేను వెతుక్కుంటూ పోయిన సీసా కింది అరలో మూలకుంది. అందులో తెల్లగా, పొడుగ్గా, రెండు కొసలూ సన్నగా ఉన్న ఒక ఏలికపాము. వెనక చీటీ మీద ఇలా ఉంది: "నట్ట. ఆడది. జానెడు. మా పెద్దబిడ్డ కడుపులకెళ్లి పడ్డది, ఆముదం తాగవెట్టినంక. బిడ్డ ఇప్పుడు మంచిగుంది."

ఆ పెద్దబిడ్డను నేనే.

సీసాను కొంగుతో తుడిచి, బట్టసంచిలో పెట్టుకుని క్యాబెక్కాను. మా గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు సంచి చూపించమన్నాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడే జిమ్ నుంచి వస్తున్న శ్రావణి ఆగింది. కడప వాళ్లు, మా పై అంతస్తులో ఉంటారు, ఏదో పెద్ద కంపెనీలో మేనేజరు. రోకలిబండకు మందు కొట్టించాలని మొట్టమొదట రాసింది ఈవిడే.

"ఏందాంటీ అది? పామా?"

"పాము కాదమ్మా. ఏలికపాము. మనుషుల కడుపులో ఉంటుంది."

"ఎవరి కడుపులో?"

"నా కడుపులో. ఇది నాదే."

"అయ్యో దేవుడా! దాన్ని యాడన్నా పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకుంటారా ఎవరైనా? లిఫ్టులో పిల్లకాయలు తిరుగుతుంటారు కదాంటీ!"

"పిల్లకాయలకు చూపిద్దామనే తెచ్చాను. మీవాణ్ణి కూడా పంపు."

ఆమె నాతో లిఫ్టు ఎక్కలేదు, తర్వాతి దాని కోసం ఆగింది. మా నాయిన ఎప్పుడైనా బస్సెక్కితే, పక్కన సీటు ఖాళీగా ఉన్నా జనం ఇలాగే నిలబడి ఉండేవాళ్లు. నాకు కోపం వచ్చింది, కానీ ఆ పిల్ల మీద అట్టే నిలవలేదు. ఇప్పుడు గేటు దగ్గర అందరూ వినేలా నాదే అన్నాను గానీ, ఆ మాట అనాల్సిన రోజున నేను అనలేదు. అటెండర్ నర్సయ్య నా తండ్రి అని కాలేజీలో ఎవరికీ తెలియకూడదని రెండేళ్లపాటు దాచాను. దాచడానికి ఏం చేశానో, నా కోసం ఆయన ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో ఇక ఎవరికి భయపడి దాచాలి?

అప్పట్లో పుప్పాలగూడలో మా ఇల్లు ఊరి చివర, రాళ్ల గుట్టకు ఆనుకుని ఉండేది. రెండు అర్రలు, ముందు ఒక అరుగు, వెనక స్నానాలకు తడికలు కట్టిన చోటు. సాయంత్రం సైకిల్ గంట వినబడగానే అమ్మ వాకిట్లోకి నీళ్ల గోలెం జరిపేది. నాయిన అక్కడే నిలబడి ముందు బూడిదతో చేతులు తోముకునేవాడు, తర్వాత చింతపండుతో, ఆ తర్వాత శీకాయతో. మోచేతుల దాకా ఎర్రబడేవి గానీ వాసన మాత్రం పోయేది కాదు. ఆ చేత్తో తింటే ఫార్మలిన్ ఘాటుకు ముద్ద రుచే తెలిసేది కాదట. అందుకని పాత సామాన్ల దుకాణంలో ఒక చెంచా కొనుక్కున్నాడు. పప్పన్నమైనా, గటకైనా, జొన్నరొట్టె తునకలైనా అన్నీ ఆ చెంచాతోనే. మా ఊళ్లో చెంచాతో అన్నం తినే మనిషి ఆయనొక్కడే. "ఏం నర్సయ్యా, దొరవైతివా? చెంచాతోని తింటున్నవట!" అని కల్లు దుకాణం దగ్గర ఆటపట్టించేవాళ్లు. ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

వానాకాలం వచ్చిందంటే మా ఇంటి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. కాలేజీలో కప్పల్ని కోసే ప్రాక్టికల్స్ మొదలవుతాయి. నాయిన ఆదివారం చెరువు కింది పొలాల్లో తిరిగి గోనెసంచి నిండా కప్పల్ని తెచ్చి, తడికల చాటున నీళ్లు చల్లి పెట్టేవాడు. సంచిలోంచి ఒకటే బెకబెకలు. ఎలా దూరతాయో ఏమో, రెండు మూడు బయటపడేవి. ఒకసారి వాటిలో ఒకటి అమ్మ జల్లించి పెట్టిన పిండిలో పడి, తెల్లగా పిండి పూసుకుని, అర్రంతా గెంతింది. "ఇది ఇల్లా, కుంటనా? నన్నన్న ఆ సంచిల కట్టి తీస్కపోయి మీ సార్లకు ఇయ్యరాదు!" అని అమ్మ శాపనార్థాలు పెట్టింది. నాయిన ఆ కప్పను అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చి, "చూడు బిడ్డా, మింగేటప్పుడు కండ్లు లోపలికి ఎట్ల పోతయో చూడు. మనకు గట్ల రాదు" అన్నాడు. తేలును చూపించినా అంతే, జెర్రిని చూపించినా అంతే. నాకు రానిది దానికి వచ్చు అని చెప్పడమే ఆయన పాఠం. బల్లి తోక తెగి గిలగిల కొట్టుకుంటుంటే, తోక పోయినా ఫికర్ చెయ్యకుండా బతికే తెలివి దానికుందని మురిసిపోయేవాడు. ఆయనకు అసహ్యం అనేది ఎలా ఉంటుందో తెలియదు. మనుషుల మీద కూడా లేదు, అదే నా బాధ. ఉండి ఉంటే నా మీద కాస్తయినా చూపించేవాడు.

ఇక ఆ నట్ట సంగతి. నాకప్పుడు ఆరో ఏడో ఏళ్లు. పది రోజులుగా కడుపునొప్పి, మూలుగు, నిద్రలో పళ్లు కొరకడం. అమ్మ పొద్దున్నే ముక్కు మూసి ఆముదం పట్టించింది. పెరట్లో నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కూడా గోడ మీంచి తొంగిచూశారు. అమ్మ చీపురు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనకే చిమటా, సీసా పట్టుకుని నాయిన. "ఆగు ఆగు, తొక్కకు! చీపురు తియ్యి!" అని అరిచాడు. దాన్ని చిమటాతో ఎత్తి, చెంబు నీళ్లతో కడిగి, ఎండలోకి పట్టుకుని చూశాడు. "అబ్బ, ఎంత మంచిగున్నదే! ఏడ తెగలె, ఏడ నలగలె. కాలేజీల ఉన్నది మూడు తునకలైంది, సార్లు ఎన్నాళ్ల సంది అడుగుతున్నరు" అన్నాడు. నేను ఏడుస్తుంటే నా తల నిమిరి, మా పెద్దబిడ్డ కాలేజీకి ఇనాం ఇచ్చింది అని ఊరంతా చెప్పుకుని వచ్చాడు. నెల రోజులు నన్ను పిల్లలు నట్టల పిల్ల అని పిలిచారు.

పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది, ఆ పురుగు బతుకంత విడ్డూరం ఇంకోటి లేదని. గుడ్డుగా మన నోట్లో పడుతుంది. పేగులో పొదుగుతుంది. ఊరుకోదు, పేగు గోడను తొలుచుకుని, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతులోకి పాకి, మనం మళ్లీ మింగితే మళ్లీ అదే పేగుకు వచ్చి కాపురం పెడుతుంది. మొదటే అక్కడ ఉంది కదా, ఈ తిరుగుడంతా ఎందుకు అని అడగబుద్ధి అవుతుంది. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పోయి, అక్కడ కుర్చీలో కూర్చుని, పక్క అపార్ట్‌మెంటులో ఉండే మనిషితో కంప్యూటర్లో మాట్లాడి వచ్చే మా అబ్బాయిని కూడా నేను అదే అడుగుతుంటాను. "అమ్మా, నువ్వు ప్రతిదానికీ పురుగులతో పోలిక తెస్తావు" అని విసుక్కుంటాడు. నాకు తెలిసిన మర్యాదస్తులు అవే మరి.

కాలేజీలో చేరాల్సిన వయసు వచ్చాక, ఉద్యోగుల పిల్లలకు ఫీజు లేదని నన్ను నాయిన పనిచేసే కాలేజీలోనే బైపీసీలో చేర్పించారు. మొదటి రోజు సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. దారి పొడుగునా, నువ్వు లెక్చరర్ అయి ఆ ల్యాబుల కుర్చీల కూసుంటే నేను సీసాలు తుడుసుకుంట చూస్త అని చెబుతూనే ఉన్నాడు. నేను మూల మలుపులోనే దిగిపోయాను, నడిచి వస్తానని. నడిచి రావడానికి కారణమేమీ లేదు, సైకిల్ మీద ఎవరైనా చూస్తారనే. మధ్యాహ్నం ల్యాబు క్లాసు. నా పక్కన జయంతి అని సిటీ అమ్మాయి, ఇస్త్రీ చేసిన లంగా వోణీ, వాచీ. నాయిన ట్రేలు పట్టుకుని మా వెనక నుంచి వస్తున్నాడు. జయంతి ముక్కు మూసుకుంది. "అబ్బ, ఏం కంపే బాబూ! ఈయన ఇంట్లోవాళ్లు ఎట్లా అన్నం తింటారో!" అంది. పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. "నువ్వు కూడా పుప్పాలగూడ వైపు నుంచే కదా, నీకు తెలుసా ఈయన?" అని నన్నడిగింది. "నాకేం తెలుసు" అన్నాను.

నాయిన రెండడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. నా వైపు చూడకుండా, "జర పక్కకు జరగుండ్రి అమ్మా, ట్రే వస్తున్నది" అన్నాడు. నన్ను, జరగుండ్రి అని. పుట్టిన దగ్గర్నుంచి ఏమే, ఒసే, బిడ్డా తప్ప ఇంకో పిలుపు ఆయన నోట నేను వినలేదు. మర్నాటి నుంచి నాకంటే గంట ముందే సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. నేను బస్సులో వెళ్లేదాన్ని. ల్యాబులో నేను అమ్మా, మీరు. ఇంటికొస్తే తిన్నవా బిడ్డా. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మకు చెప్పలేదు కూడా. రెండేళ్లు అలా గడిచింది. ఎంత సిగ్గుమాలిన పిల్లనంటే, కొన్నాళ్లకు నాకు అది చాలా సదుపాయంగా అనిపించింది. జయంతితో కలిసి నేను కూడా ముక్కు మూసుకున్న రోజులున్నాయి. ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను. సముద్ర దోసకాయ తన పేగులు కక్కేది ప్రాణం మీదికి వస్తేనే. నేను ఇస్త్రీ బట్టలు కట్టుకున్న ఒక పిల్ల నవ్వుతుందేమోనన్న భయానికి కన్నవాణ్ణి బయట పడేశాను.

రెండో ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. అప్పటి పద్ధతి చెప్పాలి, ఇప్పటివాళ్లకు తెలియదు. ల్యాబులో బల్లల మీద వరసగా సీసాలు పెడతారు. పేరు కనబడకుండా చీటీ మీద తెల్లకాగితం అంటిస్తారు. ఒక్కో సీసా దగ్గర నిలబడి అదేమిటో గుర్తుపట్టి రాయాలి. తర్వాత వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఏదో ఒక సీసా దగ్గర నిలబెట్టి నోటితో ప్రశ్నలడుగుతాడు. మా పేర్లు ఆయనకు తెలియవు, నంబర్లే. ఏ సీసాలు పెడుతున్నారో కొందరు అటెండర్లు పిల్లలకు ముందే సైగ చేసేవాళ్లు. నాయిన చచ్చినా చేసేవాడు కాదు, నాకు కూడా చేయలేదు. ఆ రోజు పొద్దున ఎగ్జామినరే అల్మరాల దగ్గర తిరిగి, ఇదీ ఇదీ అని వేలు చూపించి సీసాలు తీయించాడట. నాయిన ముందువైపు చీటీలన్నిటి మీదా కాగితం అంటించాడు. వెనకవైపు తను రాసినవి కూడా చీటీలే అని ఆయనకు తోచలేదు. ఎవరూ చదవనివి కదా.

మా గుంపులో ఎనిమిది మందిమి. జయంతి నా వెనక ఉంది. నాలుగో సీసా దగ్గరికి వచ్చాను. తెల్లటి ఒళ్లు, రెండు కొసలూ సన్నగా. నాకు వెంటనే తెలిసిపోయింది. అప్పటికే ఎగ్జామినరు అక్కడికొచ్చాడు. గోదావరి జిల్లాల మనిషి, తెల్లటి పంట్లాం, జేబులో సెంటు పూసిన రుమాలు. సీసాను వెలుగులోకి తిప్పాడు. వెనక చీటీ కంటబడింది. కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మా పెద్దబిడ్డ కడుపులకెళ్లి పడ్డది, ఆముదం తాగవెట్టినంక. గది గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది నేనే అనుకుంటాను, నవ్వకపోతే అనుమానం వస్తుందని.

"ఎవరయ్యా ఇది రాసింది?" అన్నాడాయన.

నాయిన తడిగుడ్డ చేత్తో పట్టుకుని నా పక్కనే ఉన్నాడు. ల్యాబు మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. నేనెవరో ఆయనకు తెలుసు, ఫీజు మాఫీ కాగితం మీద సంతకం చేసింది ఆయనే. ఆయన తల వంచుకుని రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నారు.

"నేనే సార్" అన్నాడు నాయిన.

"భలేవాడివయ్యా! సైన్సు కోసం కన్నకూతురి కడుపులోంచి తీసిచ్చావన్నమాట. ఎన్నేళ్లిప్పుడు ఆ అమ్మాయికి? పెళ్లీడుకొచ్చిందా? పిలిపించవయ్యా, పురుగుతో పాటు అది కాపురమున్న ఇల్లు కూడా చూస్తాం!"

మళ్లీ నవ్వులు. జయంతి నా భుజం పట్టుకుని ఊగిపోతోంది. నాయిన నా వైపు చూడలేదు. ఆయన కళ్లు సీసా మీదే ఉన్నాయి. ఒక్క మాట, ఇదిగో సార్ నేనే ఆ బిడ్డను అని ఒక్క మాట అంటే అయిపోయేది. మహా అయితే ఇంకాసేపు నవ్వేవాళ్లు.

"లేదు సార్" అన్నాడు నాయిన.

"లేదంటే?"

"సచ్చిపోయింది సార్. చిన్నప్పుడే."

జయంతి నా భుజం మీది చెయ్యి తీసేసింది. ఎగ్జామినరు ముఖం మాడిపోయింది. అయ్యో, అలాగా, అని సీసాను మెల్లగా బల్ల మీద పెట్టి, రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి ఎవరో ఒకరు కావాలి కదా, ఎదురుగా ఉన్న నా వైపు తిరిగాడు.

"చెప్పమ్మా. ఈ పరాన్నజీవి వల్ల పోషకజీవికి కలిగే నష్టాలేమిటి?"

చెప్పాను. అది పోషకజీవి తిన్న తిండిని తాను తింటుంది. దాని బలాన్ని లాగేస్తుంది. కడుపునొప్పి, నీరసం, నిద్రలేమి. ఎక్కువైతే పేగుకు అడ్డం పడుతుంది. పోషకజీవి చాలాకాలం ఏమీ బయటపడనివ్వకుండా భరిస్తుంది. ఆయన ఇంకా అడిగాడు, నేను ఇంకా చెప్పాను. గుడ్లు, పిల్ల పురుగులు, అవి పోయే దారి, మగదానికీ ఆడదానికీ తేడా, ఒక్కటీ తడబడలేదు. వెరీగుడ్ అని నా నంబరు ఎదురుగా పూర్తి మార్కులు వేశాడు. ఆ మార్కులతోనే నేను ముందుకు చదివాను, ఆ చదువుతోనే లెక్చరర్ అయ్యాను, ముప్పై ఏళ్లు ఈ పురుగు గురించే పిల్లలకు పాఠం చెప్పాను. అదే కాలేజీలో పోస్టు వస్తే, దూరమని వంక పెట్టి వేరేచోట చేరాను. కుర్చీలో కూర్చున్న నన్ను నాయిన ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయేదాకా ఆ రోజు సంగతి నేను ఎత్తలేదు. రోకలిబండను చూసి తలుపులు వేసుకునే మా అపార్ట్‌మెంటు జనాన్ని ఇందాక అంతేసి మాటలన్నాను. వాళ్లు తలుపు వేసుకున్నది పురుగు మీద.

ఆ సాయంత్రం నాయిన ఎప్పటి వేళకే వచ్చాడు. నేను లోపలి అర్రలో గోడవైపు తిరిగి పడుకున్నాను. వాకిట్లో అమ్మ నీళ్లు పోస్తోంది, ఆయన చేతులు తోముకుంటున్నాడు.

"ఇయ్యాల నీ బిడ్డ ఎట్ల చెప్పిందనుకున్నవ్!" అంటున్నాడు. "ఆ సారు అడుగుతనే ఉన్నడు, ఇది చెప్తనే ఉంది. ఒక్క ముక్క తప్పలె."

"నువ్వు చూసినవా?" అని అమ్మ అడిగింది.

"చూసుడేంది? పక్కపొంటే నిలవడ్డ" అన్నాడు నాయిన.